గుంట లోతు

అక్క పనిచేసే షెడ్డులో బంకమట్టి దిమ్మకు బుల్లెట్‌ప్రూఫ్ కోటు కట్టి కాలుస్తారు. కోటు విప్పాక మట్టిలో పడ్డ గుంట లోతు కొలిచి రాయడం ఆమె ఉద్యోగం. తూటా కోటులోనే ఆగి, గుంట నలభై నాలుగు మిల్లీమీటర్లు దాటకపోతే పాస్.

తమ్ముడు కోర్టు గేటు దగ్గర కాపలా. డ్యూటీకని ఆఫీసువాళ్లిచ్చిన అలాంటి కోటంటే అతనికి ఒళ్లుమంట.

“పొయ్యి కట్టుకుని తిరుగుతున్నట్టుందే అక్కా! అయినా గుడ్డ తూటాని ఆపుతుందంటే నమ్మమంటావా?”

“ఒక్క గుడ్డ కాదురా, ఇరవై ముప్పై పొరలు. వలలో చేపలాగా తూటా ఆ దారాల్లో చిక్కుకుంటుంది. దాని జోరంతా చుట్టూ పంచేస్తాయవి. అదీ పిస్తోలు తూటాకే. రైఫిలయితే లోపల గట్టి పలక ఉండాలి. మెడకీ చంకలకీ ఏ అడ్డూ లేదు, అది గుర్తుపెట్టుకో. విప్పావో, తాట తీస్తా!”

గుడ్డమీద నమ్మకంతో కాదు, అక్క నోటికి జడిసి వేసుకునేవాడు.

ఒక మిట్టమధ్యాహ్నం గుంపులోంచి ఒకడు పిస్తోలు తీసి రెండుసార్లు కాల్చాడు. ఒక తూటా తమ్ముడి రొమ్ముకు తగిలింది. రెండోది అతనితోపాటు గేటు కాసే జోడీ కడుపులో దిగింది. పొడుగాయన అని పిలిచేవారు అతన్ని. ఉక్కకు తాళలేక అప్పటికే కోటు విప్పి కుర్చీకి తగిలించి ఉన్నాడు. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

తమ్ముడు బతికి బట్టకట్టాడు. రెండు పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి కమిలింది. రొమ్ముమీద అరచేయంత నల్లటి మచ్చ చూసి అక్క మంచం పట్టె పట్టుకుంది. తూటా ఆగింది గానీ దెబ్బ ఆగలేదు. ఇన్నేళ్లూ తను పాస్ అని రాసిన గుంటలు ఎవరి ఒంట్లోనో పడేవేనని ఆమెకు ఆనాటిదాకా తట్టనే లేదు.

మూడోరోజు అతను నోరు విప్పాడు.

“పొడుగాయన కోటు వేసుకుని ఉంటే, అక్కా?”

“బతికేవాడురా,” అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

“వేసుకోరా అని ఒక్కమాట అనలేదే నేను. విప్పుతుంటే ఇద్దరం నవ్వుకున్నాం.” గోడవైపు తిరిగాడు.

రెండు నెలలకు కాస్త మెట్లెక్కగలిగాక ఇద్దరూ పొడుగాయన భార్యను చూడ్డానికి వెళ్లారు. ఆవిడ చేతిలో ఆఫీసు ఉత్తరం ఉంది.

“కోటు విప్పడం ఆయన తప్పేనని రాశారు వదినా. మీది ఆ పనేనటగా, నిజం చెప్పండి. ఒంటిమీద ఉంటే దక్కేవాడా?”

అక్క తమ్ముడివైపు చూడలేదు.

“వీడికంటే పక్కటెముకలు కాచాయి. అంత దగ్గర్నుంచి కడుపులో కాలిస్తే ఏ కోటూ ఏం చేయలేదమ్మా. ఆయన తప్పేం లేదు.”

ఆవిడ ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు ఏడ్చింది.

తిరిగి వస్తూ తమ్ముడు మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. దిగడానికీ ఆయాసమే.

“నాకూ ఆ మాటే చెప్పి ఉండొచ్చుగా అక్కా.”

అక్క రెండు మెట్లు వెనక్కి ఎక్కి వచ్చింది. అతని ఊపిరి కుదుటపడేదాకా పక్కనే నిలబడింది. ఇంకా రెండంతస్తులు దిగాలి.