కండువా వదలని చేతులు

మే నెల వచ్చిందంటే కల్యాణి చేతుల్ని కుళ్ళు వాసన వదలదు. తెల్లారగానే కొట్టు వెనక గదిలోకి వెళ్ళి మామిడికాయల మీద కప్పిన గడ్డి ఎత్తి చూడాలి. మాగినవి ఒక పక్కకి, ఇంకా మాగాల్సినవి మరో పక్కకి, చెడినవి తట్టలోకి. చెడిన రసం పండు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. వేలు పెడితే చాలు, లోపలికి దిగిపోతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మెత్తదనానికి ఆమెకి వాంతయింది. ఇప్పుడు వేలు పెట్టేదాకా రానివ్వదు, ముక్కుతోనే పోల్చుకుంటుంది.

ఆమె భర్త ప్రభాకరరావు ఆ వేళకి మార్కెట్లో ఉంటాడు. నూజివీడు మార్కెట్లో మామిడి బేరం నోటితో ఆడరు. ఇద్దరూ కుడిచేతులు కలిపి, పైన కండువా కప్పుకుంటారు. లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర, పక్కవాడికి ఏమీ తెలియదు. బేరంలో పాపం ఉంటే మాత్రం కండువా చేతుల్ని వదలదు. ఏటా ఒకరిద్దరికి జరిగేదే. అడుగున పచ్చికాయలు పోసి పైన పళ్ళు పేర్చినవాడు చేసిన పని నలుగురిలో ఒప్పుకుంటాడు. కండువా జారిపోతుంది, బేరం రద్దవుతుంది, జనం నవ్వుకుని ఎవరి బుట్టలు వాళ్ళు ఎత్తుకుంటారు.

ఆ రోజు కండువా ప్రభాకరరావునీ, అతని పెదనాన్న కొడుకు నారాయణరావునీ పట్టుకుంది. నారాయణరావుకి ముసునూరులో పెద్ద తోట ఉంది. పిల్లలు మాత్రం లేరు.

"ఏంటి బాబూ, అన్నదమ్ముల మధ్య కూడానా?" కమీషను కొట్టు సవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెప్పెయ్యండి, అవతల హనుమాన్ జంక్షన్ లారీ కదిలిపోతోంది."

"తోట గుత్త గురించి మాట్లాడుకున్నాం" అన్నాడు ప్రభాకరరావు.

కండువా కదల్లేదు.

"ఇంకేదో ఉందండీ లోపల" అన్నాడు సవరయ్య.

"ఇంకేం లేదు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అలా చెయ్యీ చెయ్యీ పట్టుకుని, కొత్త దంపతుల్లా ఇంటికొచ్చారు. వాళ్ళని చూసి కల్యాణి మొదట నవ్వింది. "ఏ తట్టలో ఏం దాచారు మీరు?" అంది.

భోజనాల వేళకి ఆ నవ్వు పోయింది. ఇద్దరివీ కుడిచేతులే ఇరుక్కున్నాయి. ఎడమచేత్తో తింటామని ఎలా అంటారు? ఈలోగా నారాయణరావు భార్య విజయలక్ష్మి సున్నుండల డబ్బా పట్టుకుని బండి దిగింది. ఎవరి మొగుడికి వాళ్ళు ముద్దలు కలిపి నోట్లో పెట్టారు. కండువా చుట్టూ ఈగలు ముసిరాయి. మామిడి సొన, చెమట, బెల్లపు జిగట అన్నీ కలిసి లోపల ఉడుకుతున్నాయి.

భోజనాలయ్యాక విజయలక్ష్మి మురళిని దగ్గరికి పిలిచింది. మురళి కల్యాణి కొడుకు, ఇంకా బళ్ళో వెయ్యలేదు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత పుట్టినవాడు. ఆవిడ వాడి గడ్డం పట్టి ఎత్తి చూసింది. బుగ్గలు నొక్కింది. "నోరు తెరువు నాన్నా" అని పళ్ళు చూసింది. తర్వాత వాడి మాడు మీద ముక్కు పెట్టి గాఢంగా పీల్చింది.

కాయ మాగిందో లేదో తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూసినట్టే ఉంది.

కంచాలు తీస్తున్న కల్యాణి చేతులు ఆగిపోయాయి. గదిలో ఎక్కడా చెడిన పండు లేదు. అయినా ఆ వాసన వచ్చింది.

"ఏమండీ, కండువా కింద ఏం బేరం ఆడారు?"

ప్రభాకరరావు దూలం వంక చూశాడు.

"చెప్తే ఏమవుతుందిరా, ఇంటి మనిషేగా" అన్నాడు నారాయణరావు. "మీ అక్కయ్యకి మురళి మీద మనసైందమ్మా. దత్తత తీసుకుంటాం. కొత్త చట్టం ప్రకారం తల్లి కూడా ఒప్పుకోవాలట. నువ్వు కాదంటావా?"

"ఊరికే ఏం కాదు కల్యాణీ" ప్రభాకరరావుకి ఇప్పుడు గొంతు పెగిలింది. "అయిదేళ్ళు తోట మనదే. గుత్త కట్టక్కర్లేదు. అన్నయ్య మూడు వేళ్ళే పట్టుకున్నాడు. నేను వదల్లేదు, అయిదు వేళ్ళూ పట్టించాను."

అతని మొహంలో గర్వం కనిపించింది. కుళ్ళిన పండులో వేలు దిగబడినట్టు కల్యాణికి ఒళ్ళంతా జలదరించింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కనా తను పడుకుంది? పిల్లల్ని కని ఇచ్చింది?

"వాడప్పుడు ఎక్కడున్నాడు?"

"ఎవడు?"

"మీ కొడుకు."

"పక్కనే ఉన్నాడు, నా చొక్కా పట్టుకుని. చిన్న వెధవ, వాడికేం తెలుస్తుంది?"

"నోటితో అడిగి ఏడవచ్చుగా! పిల్లాడికి కూడా కండువా కప్పాలా?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్ళకి తట్టనే లేదు. బేరం అనగానే అలవాటుగా చేతులు చాచారు.

"ఇంతకీ దీనికింత రాద్ధాంతం దేనికి?" అంది విజయలక్ష్మి. "నీ కడుపు చల్లగా మళ్ళీ కంటావు. దత్తత హోమంలో తండ్రి పిల్లాణ్ణి మా చేతుల్లో పెట్టాలిగా, చేతులు ఎలాగూ కలిసే ఉన్నాయి. పనీ తేలికే."

కల్యాణి పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

నోరు కడుక్కుని వచ్చి, మురళిని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. "నేను ఒప్పుకోను. ఆ బేరం మార్కెట్లో నోరు తెరిచి చెప్పి రండి. అందాకా ఈ ఇంట్లో మీ నోట్లో ముద్ద పెట్టను."

"చెప్తే రద్దయిపోతుందే! పరువు?"

"ఉంటే పోనివ్వండి."

రాత్రి ప్రభాకరరావు వదినగారి వైపు ఆశగా చూశాడు. "మరిదికి నేను ముద్దలు పెట్టాలా? ఛీ!" అని ఆవిడ మొహం తిప్పుకుంది. పొద్దుటికి కండువా కింద నుంచి పసుపుపచ్చని నీరు కారడం మొదలైంది. విజయలక్ష్మి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మొగుడికి కూడా అన్నం పెట్టడం మానేసింది. అటు కొట్లో గడ్డి ఎత్తేవాళ్ళు లేక సరుకు కుళ్ళిపోతోంది. కల్యాణి గది వైపే వెళ్ళలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ మార్కెట్‌కి నడిచారు. వెనకే కల్యాణి, ఆమె చంకలో మురళి.

"మా వాణ్ణి..." ప్రభాకరరావు గొణిగాడు. కండువా కదల్లేదు.

"గట్టిగా బాబూ" అన్నాడు సవరయ్య, నిన్నటి నవ్వుతోనే.

"మా మురళిని అన్నయ్యకి ఇచ్చి, అయిదేళ్ళకి తోట తీసుకున్నాను!"

కండువా జారి దుమ్ములో పడింది. ఆ రెండు చేతులూ చూసి దగ్గరున్నవాళ్ళు వెనక్కి జరిగారు. తెల్లగా నాని, మడతలు పడి, చెడిన పళ్ళలా ఉన్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. సవరయ్య పక్కకి తిరిగి ఉమ్మాడు. "అయ్యా, రేపట్నించి మీరిద్దరూ నాకు చెయ్యి చాపకండి" అన్నాడు.

నారాయణరావు భార్యని బండెక్కించుకుని ముసునూరు వెళ్ళిపోయాడు. సున్నుండల డబ్బా కూడా తీసుకుపోయారు.

సాయంత్రం ప్రభాకరరావు నూతి దగ్గర కుంకుడుకాయలతో చెయ్యి రుద్దుకున్నాడు, రుద్దుకుని వాసన చూసుకున్నాడు, మళ్ళీ రుద్దుకున్నాడు. తర్వాత కొట్లోకి వెళ్ళి, కుళ్ళకుండా మిగిలిన రసం పండు ఒకటి వెతికి తెచ్చి కొడుకు ముందు కూర్చున్నాడు.

"తినరా నాన్నా."

మురళి పండు అందుకోలేదు. తండ్రి చేతి వంకే చూస్తున్నాడు. తర్వాత మెల్లిగా తన చెయ్యి చాచి, తండ్రి చూపుడువేలు ఒక్కటీ పట్టుకున్నాడు.

"అక్కలు ఎన్ని వేళ్ళు నాన్నా?"

ప్రభాకరరావు చేతిలోంచి పండు జారింది. గుమ్మంలో జడలు వేసుకుంటున్న ఆడపిల్లలిద్దరూ జడలు వదిలేసి తండ్రి వైపు చూశారు.

కల్యాణి వచ్చి మురళి వేళ్ళు విడదీసింది. వాణ్ణి నూతి దగ్గరికి తీసుకెళ్ళి, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ కడిగింది.