ముందే రాసిన ఓటమి

శివశంకర్ ఒక్క అరగంట ఆగి ఉంటే ఓబుళేశు బతుకు ఇట్లా అయ్యేది కాదు. కర్నూలు పత్రికాఫీసులో ఏసీ కింద కూర్చునే సబ్ ఎడిటర్ ఆయన. పని ముగించుకుని ఇంటికి పోవాలన్న తొందరలో ఆయన నొక్కిన ఒక్క మీట ఓబుళేశు నెత్తిన పడింది. ఆయనకేం, ఇవాళ్టికీ అదే కుర్చీ, అదే ఏసీ.

ఓబుళేశు చదువు ఎనిమిదో తరగతితోనే ఆగింది. మొదట ఇంటింటికీ పేపర్లు వేశాడు. తర్వాత బడిపిల్లల ఖోఖో పోటీల ఫలితాలు చీటీ మీద రాసి ఆఫీసుకు ఇచ్చేవాడు. అట్లా ఇరవై రెండేళ్లు ఆటల వార్తలే రాశాడు. జీతం లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి ఇంత అని ఇస్తారు. కందనవోలు బుల్స్ అని కర్నూలుకు ఒక క్రికెట్ జట్టు వచ్చి, వేలంలో ఆటగాళ్లను కొనడం మొదలయ్యాక, ఆ జట్టు వార్తలన్నీ అతనికే అప్పగించారు. స్టేడియంలో అతని పేరు రాసిన కుర్చీ ఒకటి వేశారు. ఆ కుర్చీ చూసి వారం రోజులు నిద్ర పట్టలేదు అతనికి.

చిక్కల్లా సమయంతోనే. ఆట ఆరుంబావుకు అయిపోతే, జిల్లా పేజీ ఆరున్నరకు మూసేస్తారు. అందుకే ఓబుళేశు ప్రతి ఆటకూ రెండు వార్తలు మధ్యాహ్నమే రాసి పంపేవాడు. గెలిచినట్టు ఒకటి, ఓడినట్టు ఒకటి. పరుగులు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, ఆట తేలాక ఫోన్లో అంకెలు చెప్పేవాడు. పనికిరానిదాన్ని ఆఫీసులో చెరిపేసేవారు.

ఓడిన వార్తే ముందు రాయడం అతని అలవాటు. చంటిబిడ్డ బుగ్గన నల్లచుక్క పెట్టినట్టు, ముందే ఓటమి రాసేస్తే జట్టుకు దిష్టి తగలదని నమ్మకం. ఆ ఆదివారం కూడా అట్లాగే రాశాడు. కెప్టెన్ పరమేష్ అంతకుముందు రెండు ఆటల్లో చేతికొచ్చిన క్యాచ్ జారవిడిచాడు కాబట్టి, 'చివరి ఓవర్లో క్యాచ్ వదిలిన కెప్టెన్, చేజారిన విజయం' అని శీర్షిక పెట్టాడు.

ఐదూ నలభైకి అతని ఫోన్ మోగింది. పత్రిక పాఠకుల వాట్సాప్ గ్రూపులో శివశంకర్ పెట్టేసిన ఆ ఓటమి వార్త కనబడింది. ఎదురుగా మైదానంలో బుల్స్ గెలుపు అంచున ఉన్నారు.

"సార్, తీసెయ్ సార్! ఆట ఇంకా కాలేదు!" అని శివశంకర్‌కు ఫోన్ చేసి అరిచాడు.

"పొరపాటైంది లేప్పా. తీసేస్తాండా. ఎవరు చూస్తారు?"

చూడాల్సినవాళ్లంతా అప్పటికే చూశారు. ఆ జట్టు మీద పందాలు కాసేవాళ్లు జిల్లా నిండా ఉన్నారు.

ఓబుళేశు కుర్చీ అంచున కూర్చుని దేవుళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. జట్టు కోసం కాదు, తన కోసం. చివరి ఓవర్లో బంతి గాల్లోకి లేచింది. పరమేష్ దాని కింద నిలబడ్డాడు. బంతి చేతుల్లో పడింది, చేతుల్లోంచి జారింది. స్టేడియమంతా మూలిగింది. ఆ వార్తలో రాసినట్టే బుల్స్ ఓడిపోయారు.

మర్నాడు పొద్దున వీధిలో తెల్ల స్కార్పియో ఆగింది. దిగింది ఆత్మకూరు రాజశేఖర్. భూములు, కాంట్రాక్టులు ఉన్న మనిషి. బుల్స్ గెలుస్తారని పెద్ద పందెం కాసి పోగొట్టుకున్నాడు. గట్టిగా మాట్లాడడు, అదే భయం.

"ఏమప్పా ఓబుళేశు, బాగుండావా? ఐదూ నలభైకి నువ్వు రాస్తివి, ఆరూ పదికి వాడు వదిలె. ఇంత విద్య యాడ నేర్చుకుంటివి?"

"అన్నా, నాకేం తెలీదు. రెండూ రాసి పెట్టుకుంటాము. అది మా పని."

"గురువారం ఆంజనేయస్వామి గుడికి రా. కర్పూరం ఆర్పి ప్రమాణం చేద్దువు."

అంతే, వెళ్లిపోయాడు. స్కార్పియో మాత్రం మూడు రోజులూ వీధి మొదట్లోనే నిలబడింది. ఓబుళేశు భార్య మహాదేవమ్మ కిటికీ రెక్క సందులోంచి చూసి వచ్చేది.

"ఇంకా ఉండాదా?"

"ఉండాది. ఇన్నేండ్లు ఊరందరి ఆటలు రాస్తివి, ఇప్పుడు నీతోనే ఆడుతుండారు," అంటూ కళ్లొత్తుకునేది.

శివశంకర్ ఫోన్ ఎత్తలేదు. పత్రికాఫీసుకు పోతే, ఓబుళేశు అనే పేరుతో తమ దగ్గర ఉద్యోగి ఎవరూ లేరని గేటు దగ్గరే చెప్పారు.

గురువారం గుడి ముందు ఐదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. తడిబట్టలతో ఓబుళేశు నిలబడ్డాడు. పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది. పందెంగాళ్లతో కలవలేదని, దుడ్లు తీసుకోలేదని ప్రమాణం చేయడానికి అతను సిద్ధపడే వచ్చాడు. అవి నిజాలే. కానీ ప్రమాణం మాటలు రాజశేఖరే ఎంచుకున్నాడు.

"ఆట కాకముందే ఈ వార్త నేను రాయలేదని చెప్పి ఆర్పు. అంతే సాలు."

ఓబుళేశు చెయ్యి మంట మీదికి పోయి ఆగింది. దేవుడు ఎదురుగా, రాజశేఖర్ మనుషులు వెనుకగా.

"అట్ల కాదన్నా... దుడ్లు తీసుకోలేదని అడుగు, ఆర్పుతా."

"నేనడిగింది అది కాదే."

"రాసినాన్నా. రాయడమైతే రాసినా."

"ఒప్పుకున్యాడు, సూడండి," అన్నాడు రాజశేఖర్, పెద్దల వైపు తిరిగి.

కర్పూరం తనంతట తానే ఆరిపోయింది. తర్వాత పెద్దమనిషి ఒకడు, పోయిన పందెం నువ్వే కట్టియ్యి, ప్రాణం కంటే ఎక్కువేం కాదులేప్పా అని భుజం తట్టాడు. ఆ తట్టుకే ఓబుళేశు ఉలిక్కిపడ్డాడు.

సోమవారం రిజిస్ట్రారాఫీసులో, వేలిముద్ర కూడా వేయించుకుని, రాజశేఖర్ రాయించుకున్నది ఆత్మకూరు దగ్గర ఓబుళేశు తండ్రి సంపాదించిన మెట్టపొలం. బోరుతో సహా రెండెకరాల పదిహేడు సెంట్లు.