ముందుకు జరిపిన సీటు

"మళ్ళీ సీటు ముందుకు జరిపావా?"

ఆదివారం మా కారు కదిలే ముందు వినిపించే మొదటి మాట ఇది. మా ఆయన మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలించుకుంటూ లోపలికి దూరి, ఉస్సూరంటూ కింద లీవరు పట్టుకుని సీటు వెనక్కి తోసుకుంటారు. తర్వాత లోపలి అద్దం, ఆ తర్వాత పక్క అద్దాలు. "ప్రతిసారీ ఎవరో దొంగ నడుపుకెళ్ళి తెచ్చి పెట్టినట్టుంటుంది" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మిగతా వారమంతా ఆ కారు నడిపే దొంగని నేనే. పాపని బడి దగ్గర దింపడం, అత్తయ్యని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్ళడం, పాడైన మిక్సీని మరమ్మతుకివ్వడం, ఆయన ఇంట్లో మర్చిపోయిన ఛార్జరుని ఆఫీసు గేటు దగ్గర అందించడం, అన్నీ అందులోనే. అయినా సీటు ఆయనది. నేను జరిపేదాన్ని. సోమవారం పొద్దున్నే దాన్ని మళ్ళీ ముందుకు లాక్కునేటప్పుడు నేనెవర్నీ ఏమీ అనను. పాప మాత్రం వెనకనుంచి "అమ్మా, లేటవుతోంది" అంటుంది.

ఆ కారు ముసలిదైపోయింది. ఈసారి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొందామన్నారు. అప్పట్నుంచీ మా భోజనాల బల్ల మీదికి కంచాలకంటే ముందు ఆయన ట్యాబ్ వచ్చి కూర్చుంటోంది. దాని వెనకే మా మరిది. చార్టుల మరిది అని అతనికి నేను మనసులో పెట్టుకున్న పేరు. వెండిరంగు బండి ఒక్క ఛార్జింగ్‌తో అన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్తుంది. నీలం బండి మలుపుల్లో చెప్పినట్టు వింటుంది. ముదురాకుపచ్చది రోడ్డు లేనిచోట కూడా నడుస్తుంది. ఈ మూడింటి మధ్య అన్నదమ్ములిద్దరూ పెళ్ళిచూపులు జరిపిస్తున్నారు.

"అన్నయ్యా, ఆకుపచ్చది నేలకి ఎంత ఎత్తులో ఉందో చూశావా? ముందు చక్రాలకో మోటారు, వెనక చక్రాలకో మోటారు. వాగులో దిగినా బయటికొచ్చేస్తుంది."

"మనమెప్పుడు దిగాం రా వాగులో?"

"దిగాల్సొస్తే?"

ఇద్దరూ ఆ వాగు గురించి చాలాసేపు ఆలోచించారు. నేను నీళ్ళ జగ్గు నింపి తెచ్చి పెట్టాను.

"వదినా, మీకే రంగు ఇష్టం?" అన్నాడు మరిది. నా వంతు అదన్నమాట.

"రంగు సంగతి తర్వాత. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని, కొండ ఎక్కితే ఛార్జింగ్ ఎంత మిగులుతుంది?"

"ఎంత దూరం వెళ్తుందో కంపెనీవాళ్ళు రాశారుగా" అన్నారు ఆయన, ట్యాబ్‌లోంచి తలెత్తకుండా. కంపెనీవాళ్ళు మా అత్తయ్యనీ, ఆవిడ నడక స్టాండునీ, ఆవిడ రెండు దిండ్లనీ ఎక్కించుకుని రాశారేమో నాకు తెలియదు.

కొండ సంగతి నేను ఊరికే అడగలేదు. డిగ్రీలో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడు కొండ మీద మొక్కల నర్సరీ నడుపుతోంది. తారురోడ్డు అయిపోయాక, క్వారీ లారీలు తొక్కి వదిలేసిన రాళ్ళ దారి. మా చిన్న కారు పొట్ట ఆ రాళ్ళకి ఆనుతుంది. "ఆదివారం వెళ్దాంలే" అంటారు ఆయన. ఆదివారాలు వస్తాయి, ఆయన నిద్రలోంచి అలా వెళ్ళిపోతాయి. మొన్న చాలా ప్రేమగా అన్నారు, "కొత్త బండి రానీ, నేనే తీసుకెళ్తా. నువ్వు హాయిగా పక్కన కూర్చుందువుగాని. పాతది నీకే ఉంచేస్తా, పెద్ద బండి నీకెందుకు, గీతలు పడితే మళ్ళీ నువ్వే బాధపడతావు."

పక్కన హాయిగా కూర్చోవడమంటే ఏమిటో ఆయనకి తెలియదు, ఎప్పుడూ కూర్చోలేదు కదా. నా ఒడిలో నీళ్ళ సీసా, అత్తయ్యకి వాంతి కవర్లు, ఆయన కళ్ళజోడు డబ్బా, పాప సగం తిని ఇచ్చిన బిస్కెట్టు ఉంటాయి. మలుపు మలుపుకీ నా కాలు నా వైపు లేని బ్రేకుని నొక్కుతూ ఉంటుంది. ఇల్లు చేరేసరికి ఆయనకి నడుము నొప్పి, నాకు పిక్క నొప్పి. ఆయన నొప్పికి కారణం డ్రైవింగు. నా నొప్పికి కారణం అడిగినవాళ్ళు లేరు. ఆయన చెడ్డవారు కారు. అడిగితే ఏదైనా కొనిపెడతారు. నాకు కావలసింది కొనిపెట్టేది కాదు. ఆ రాళ్ళ దారిలో నా చేతుల్తో బండి నడుపుకుంటూ వెళ్ళి, నర్సరీ గేటు ముందు హారన్ కొట్టాలని ఉంది.

అన్ని కంపెనీల బండ్లూ ఒకేచోట నడిపి చూసుకునేలా ఊరి చివర మైదానంలో ఏర్పాటు చేశారంటే బయల్దేరాం. "నేను కూర్చోలేని బండి కొని ఏం చేసుకుంటారు?" అని అత్తయ్య కూడా నిమ్మకాయ చేత్తో పట్టుకుని ఎక్కింది. కొడుకు బండి నడుపుతుంటే పూలరథంలో కూర్చున్నట్టుంటుందని ఆవిడ ఊరందరికీ చెబుతుంది. చెబుతూనే కవరు విప్పి పట్టుకుంటుంది.

వెండిరంగుది ఆయనే నడిపారు. ఈ బండ్లలో కాలు తీయగానే బండి తనంతట తనే నెమ్మదిస్తుంది. కాలు కొంచెం కొంచెంగా వదలాలి. ఆయన పాత అలవాటుకొద్దీ ఒక్కసారిగా తీసేస్తుంటే మా తలలు ముందుకూ వెనక్కూ ఊగాయి. "వెనక సీటు డిజైను బాలేదు" అని తేల్చారు. నీలందాంట్లో మలుపులు పరీక్షించారు. అత్తయ్య నిమ్మకాయ వాసన చూస్తూ, "పూలరథమే, ఇవాళ పూలు కాస్త ఎక్కువయ్యాయి" అంది.

ఆకుపచ్చదాని కోసం మట్టి దిబ్బలూ గోతులూ తవ్వి ఉంచారు. ఆయన దిగిపోయారు.

"చక్రాలు గోతిలో ఎలా దిగుతాయో వీడియో తీసి తమ్ముడికి పంపాలి. నువ్వు స్టీరింగ్ పట్టుకో చాలు. భయపడకు, ఆ అమ్మాయి పక్కనే ఉంటుంది."

ఛార్జరు తెచ్చివ్వు, చొక్కా ఇస్త్రీకివ్వు అన్నట్టే ఇదీ ఒక పని. వెళ్ళి కూర్చున్నాను. అత్తయ్య వెనక సీట్లో ఎక్కింది. కంపెనీ టోపీ పెట్టుకున్న అమ్మాయి తలుపు మీది బటన్లు చూపించింది. సీటు చిన్నగా మూలుగుతూ ముందుకొచ్చింది, పైకి లేచింది. ఇంతకాలం దిండు వేసుకుని కూర్చుంటున్న నాకు బండి ముందు భాగం అంతా కనిపించింది.

"ఇక్కడ ఒకటి, రెండు అని ఉన్నాయి చూడండి మేడమ్. ఒకటి నొక్కి పట్టుకుంటే మీ సీటు, మీ అద్దాలు గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో ఇంకెవరు నడిపినా, మళ్ళీ నొక్కితే మీకెలా కావాలో అలాగే వచ్చేస్తుంది."

"ఎన్నాళ్ళైనా?"

"మీరు మార్చేదాకా."

కాలు మెల్లగా ఆనించాను. మొదటి దిబ్బ మీద ఒక చక్రం గాల్లోకి లేచింది, మిగతావి మట్టిని గట్టిగా పట్టుకున్నాయి. గోతిలోకి దిగుతుంటే కాలు కొంచెం కొంచెంగా వదిలాను. బండి నిద్రపోతున్న పిల్లని పడుకోబెట్టినట్టు దిగింది. వెనకనుంచి చప్పుడు లేదు.

"అత్తయ్యా, ఎలా ఉంది?"

"ఏది?"

"కడుపులో."

"అయ్యో, ఆ సంగతే మర్చిపోయాను" అంది. కాసేపాగి గొంతు తగ్గించింది. "నువ్వు నడిపితే నాకెప్పుడూ తిప్పదమ్మాయ్. వాడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

"మరి పూలరథమో?"

"కొడుకు కదే!"

టోపీ అమ్మాయితో కలిపి ముగ్గురం పగలబడి నవ్వాం. ఆ నవ్వులోనే రెండో గొయ్యి దాటేశాను.

దిగాక ఆయన ఉత్సాహంగా ఫోన్ చూపించారు. "చూడు, ఎంత మెత్తగా దిగిందో! ఏం సస్పెన్షనండీ బాబూ! ఇదే కొంటున్నాం." వీడియోలో నాలుగు చక్రాలున్నాయి, మట్టి ఉంది. నేను లేను. ఉండనక్కర్లేదనిపించింది. ఆ మెత్తదనం నా కాలిదని నాకు తెలుసు. కడుపులో తిప్పలేదు కాబట్టి అత్తయ్యకీ తెలుసు.

బండి ఇచ్చే రోజు షోరూమ్‌లో అదే అమ్మాయి ఉంది. ఆయన బయట నిలబడి తమ్ముడికి ఫోన్లో ఆ వాగు గురించే చెబుతున్నారు. అత్తయ్య కవరు లేకుండా, నిమ్మకాయ లేకుండా వెనక సీట్లో సర్దుకుంది. నేను తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. సీటు, లోపలి అద్దం, పక్క అద్దాలు, ఒక్కొక్కటే తొందరేమీ లేకుండా సరిచేసుకున్నాను. ఒకటి నొక్కి పట్టుకున్నాను. చిన్న శబ్దమొచ్చింది.

ఆయన వచ్చి తలుపు తీశారు. "ఇదేంటి, కొత్త బండికి కూడా మొదలెట్టావా? సీటు ముందుకు జరిపేశావు!"

"జరపలేదండీ. ఇది ఉండేదే ఇక్కడ. మీది రెండో నంబరు, ఖాళీగా ఉంచాను. ఇవాళ మాత్రం నేను కొండ మీదికి వెళ్తున్నాను. వస్తారా?"

ఆయన నా వైపు చూశారు, వాళ్ళమ్మ వైపు చూశారు.

"ఎక్కరా, ఎండ మండిపోతోంది" అంది అత్తయ్య.

ఆయన బండి చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. నా చేతిలోని నీళ్ళ సీసా, ఆయన కళ్ళజోడు డబ్బా ఆయన ఒడిలో పెట్టాను. మోకాళ్ళు ముందున్న డ్యాష్‌బోర్డుకి తగులుతున్నాయని గొణిగారు.

"సీటు వెనక్కి జరుపుకోండి" అన్నాను, కాలు మెల్లగా ఆనిస్తూ.