ఎడమచేతి వంటిల్లు

ఆ ఇంట్లో రెండో భార్యగా అడుగుపెట్టి ఆరు నెలలైనా టైలరమ్మకు వంటింట్లో చెయ్యి తిరగడం లేదు. తప్పు ఆమెది కాదు. ఆ వంటింటిని అమర్చుకున్నది పోయిన మనిషి, ఆవిడది ఎడమచేతి వాటం. గరిటెలు, పోపుల పెట్టె, చివరికి అగ్గిపెట్టె కూడా ఎడమవైపే. టైలరమ్మ రోజూ వంటగట్టు మీది పోపుల పెట్టెను కుడివైపుకు జరుపుకునేది. తెల్లారేసరికి అది మళ్ళీ ఎడమవైపు ఉండేది. పిల్ల చేస్తున్న పనే అనుకుని, తల్లి లేని పిల్ల, పోనీలే అని సరిపెట్టుకుంది.

అసలు పేచీ ఆ అయిదేళ్ళ పిల్లతోనే. ఈమె వండింది ముట్టదు, పక్కింటావిడ పెట్టే రొట్టెలతో కడుపు నింపుకుంటుంది. ఏ వరసా పెట్టి పిలవదు. కొట్టువాణ్ణి పిలిచినట్టు "ఇదిగోండి" అంటుంది. కిందటి నెల రొయ్యలు వండితే ఒకటి విరిచి చూసి కంచం తోసేసింది. ఆ రోజు టైలరమ్మ మిషను ముందు కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది.

ఇవాళ మధ్యాహ్నం, బస్సు నడిపే మొగుడు మళ్ళీ రొయ్యలు పట్టుకొచ్చాడు. "దానికివంటే ప్రాణం. వాళ్ళమ్మ ఉన్నప్పుడు..." అని నాలిక్కరుచుకుని డ్యూటీకి చెక్కేశాడు. మాట అనేసి జారుకోవడం మహానుభావుడికి బాగా వచ్చు.

టైలరమ్మ తలలు తుంచి, పొట్టు ఒలిచి, రొయ్యల్ని గిన్నెలో వేసింది. వీపులోని నల్లనరం తీయాలని ఆమెకు తెలియదు. పుట్టింట్లో వండేవి గోరంత రొయ్యలు, వాటికి నరాలెవరు తీస్తారు? అంతలో కుట్టించుకోవడానికి ఒకావిడ వచ్చి తలుపు కొట్టింది. కొలతలు తీసుకుని, ఆవిడ కబుర్లు వదిలించుకుని వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది.

గిన్నెలోని ప్రతి రొయ్యకూ వీపు మీద సన్నటి గాటు ఉంది. వంటగట్టు మీద నల్లనరాలు, తెంపిన దారపు ముక్కల్లా, వరసగా పరిచి ఉన్నాయి. కత్తి ఎడమవైపు ఉంది, ఇంకా తడిగా.

ఆమెకు ఒళ్ళు జలదరించింది. పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నువ్వా ఇది చేసింది?"

"నాకు గట్టు అందదు కదా," అంది పిల్ల.

నిజమే, గట్టు పిల్ల నుదుటి ఎత్తున ఉంది. ఇన్నాళ్ళూ పోపుల పెట్టెను ఎవరు జరుపుతున్నారో అప్పుడు తెలిసొచ్చింది. పారిపోదామనిపించింది. కానీ పారిపోతే ఈ పిల్లకు వండిపెట్టేదెవరు?

"అక్కా," అంది ఖాళీ గదితో, ఎన్నడూ చూడని మనిషిని మొదటిసారి వరస పెట్టి పిలుస్తూ. "నన్ను తరిమెయ్యాలనుంటే తరిమెయ్యి. ముందు ఈ పిల్లను తిననివ్వు."

ఉప్పూ పసుపూ వేసి, రొయ్యలు వదిలిన నీరు ఇగిరేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. అంత వేడిలోనూ ఎడమ భుజానికి చల్లగా ఏదో తగులుతూనే ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు.

పిల్ల ఒక రొయ్య విరిచి, లోపలికి చూసింది. తింది. ఇంకోటి తీసుకుంది. టైలరమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. కంచం ఖాళీ అవుతుండగా పిల్ల మూడు రొయ్యల్ని ఓ పక్కకు నెట్టింది. ఈమె ఎడమ భుజం మీదుగా చూసి, సరేనన్నట్టు తలూపింది.

"ఇవి నీకట, పిన్నీ."

ఎవరన్నారని టైలరమ్మ అడగలేదు. కళ్ళు తుడుచుకుని, కొంచెం కుడివైపుకు జరిగి చోటిచ్చి, ఆ మూడూ తింది.