కోడికత్తి తగిలిన శుక్రవారం

1938 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం చింతచిగురు పప్పు, గుమ్మడి వడియాలు. తల్లి పోయిన ఏడాదిన్నరలో మా అబ్బాయి శ్రీరంగం మారు వడ్డించుకోవడం ఆ రోజే చూశాను. వాడికి పదిహేనేళ్లు. కోంటా సంతకు వెళ్తానంటే ఆ సంతోషంలో సరేనన్నాను.

పొద్దు వాలకముందే మా ఉప్పు దుకాణం ముందు ఎవరో అరిచారు.

"శావుకారూ, జల్ది రా! నీ కొడుకు మనిషిని కోసిండు!"

శబరి నది ఒడ్డున కోడిపందేల బరిలో సుక్రాం అనే దోర్ల తెగ కుర్రాడు మోకాళ్లమీద కూలబడి ఉన్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం విచ్చుకుని, నెత్తురు దుమ్ములో గుంట కట్టింది. మావాడి ఈడువాడే. మావాడు ఇప్పసారా చెంబెడు తాగి వచ్చి, సుక్రాం తన గెలిచిన పుంజును పట్టుకోనివ్వలేదని దాని కాలికత్తి లాగి కోశాడట.

ఇద్దరు మనుషులు శ్రీరంగాన్ని డొక్కలో తన్నుతున్నారు. నేను వాళ్లను నెట్టేసింది వాణ్ణి కాపాడడానికి కాదు. పక్కనున్న బండిమీంచి చర్నాకోల లాక్కుని వాణ్ణి బాదాను. చొక్కా చిరిగింది, వీపు చిట్లింది. వాడు పడిపోయాక కూడా కొట్టాను.

నా చెయ్యి ఎవరో పట్టేశారు. హుంగా. సుక్రాం తండ్రి, దోర్ల రైతు. అతని అరచేతులనిండా సొంత కొడుకు నెత్తురే.

"సంపుతవా ఏంది? కోసింది నా కొడుకును. కొడితే నేను కొట్టాలె, నడుమ నువ్వెవరు?"

వెల్లకిలా పడ్డ శ్రీరంగం గొంతులో గురగుర మొదలైంది. పెదాలు నల్లబడ్డాయి. హుంగా చటుక్కున వంగి వాణ్ణి పక్కకు ఒత్తిగిల్లజేసి, నోట్లో వేళ్లు పెట్టి కక్కును బయటికి లాగాడు.

"ఎల్లకిల ఉంచకు. కక్కు అడ్డంపడి సస్తడు. మా తమ్ముడు అట్లనే పోయిండు." ఊపిరి అందేదాకా వాణ్ణి వదల్లేదు. తర్వాత అడిగాడు: "మునుపు తాగినప్పుడు ఏం జేసినవ్?"

"కొట్టాను."

"ఏమన్నవ్?"

"ఏమీ అనలేదు."

"ఇంకేంది మరి. నీకు భయపడి, దాసుకొని ఒక్క గుక్కల పోసుకున్నడు."

మూడోరోజు పొద్దున దోర్ల పెద్దలు పంచాయితీకి కూర్చున్నారు. వాళ్ల కట్టుబాటు ప్రకారం కోసినవాడూ, కోయించుకున్నవాడూ ఒకే ఆకుదొప్పలో సారా తాగాలి. తాగకపోతే పగ తీరనట్టే. హుంగా అన్నకొడుకు గంగా గొడ్డలి ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

దొప్ప నిండింది. ఆ వాసనకు శ్రీరంగం చేతులు వణికాయి. భయంతో అనుకున్నాను. కానీ వాడు గుటక వేశాడు. ఆ గుటకే నన్ను గొడ్డలికన్నా ఎక్కువ భయపెట్టింది. ఈ ఒక్కసారికి తాగెయ్ అని నోటిదాకా వచ్చింది.

"మావాడు తాగడు," అన్నాను. "తప్పు వాడిదే. పరిహారం నా ఒంటిమీద తీసుకోండి."

"మా దొప్ప నీకు ఎంగిలైందా శావుకారూ?" గంగా లేచి గొడ్డలి మడమతో నా భుజంమీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండో దెబ్బ ఎత్తేలోపు శ్రీరంగం నామీద బోర్లా పడ్డాడు. చర్నాకోల గాయాలు పగిలి వాడి నెత్తురు నా మెడమీదికి కారింది.

"గంగా!" హుంగా గొడ్డలి కర్ర పట్టుకుని లాగేశాడు. "కట్టుల ఒక్క దొప్ప అన్నరు. అండ్ల ఏముండాలెనో నేను జూస్త." సారాను చనిపోయిన పెద్దల పేరు చెప్పి నేలమీద పోశాడు. తన సొరకాయ బుర్రలోని అంబలితో దొప్ప నింపాడు. "నా కొడుక్కి గూడ ఇదే సాలు."

పెద్దలు చాలాసేపు గొణిగారు. సుక్రాం మాత్రం కట్టుకట్టిన చేత్తోనే దొప్ప అందుకుని, సగం తాగి, శ్రీరంగం ముందు పెట్టాడు.

"తాగు బే. నీ చేతులు పుంజు రెక్కల లెక్క కొట్టుకుంటున్నయ్. ఒలకబొయ్యకు."

శ్రీరంగం ఏడుస్తూ తాగాడు.

ఆ సాయంత్రం భుజానికి వెదురు బద్దలతో కట్టు, ఇంట్లో నేనూ వాడూ. అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"ఎందుకు తాగావురా?"

వాడు నా చేతివైపు చూశాడు. నేను చెయ్యి ఎత్తలేదు, లేచి పోలేదు.

"వాళ్ల దగ్గర కూచుంటే ఎవరో ఒకరు మాట్లాడతారు నాన్నా. అమ్మ పోయాక మనింట్లో ఎవరూ మాట్లాడరుగా."

"ఇప్పుడు కూడా తాగాలనిపిస్తోందా?"

"ఊఁ."

"అనిపించినప్పుడల్లా నాతో చెప్పు. కొట్టను."

"దుకాణంలో జనం ఉంటే?"

"ఉన్నా సరే."

వాడు తన చాప నా మంచం పక్కకు లాక్కున్నాడు. తర్వాత లేచి, నా భుజం అదరకుండా మెల్లగా నడిచి, వీధి తలుపు చప్పుడు లేకుండా మూసి, తిరిగొచ్చి చాపమీద పడుకున్నాడు.