వదులైతే దించేస్తారట!

మా అమ్మ సలోమి మొహం చర్చి గోడ మీద ఉండడం ఇశ్రాయేలు మాస్టారికి కంటగింపు. అసలు సంగతి అదీ. పైకి మాత్రం బొమ్మ వేసిన గుడ్డ వదులైందంటారు.

కిందటేడు కోతపండగకి ఆ బొమ్మ వేసింది నేనే. కొత్తపేట బళ్లో డ్రాయింగు టీచర్ని. తలమీద వరిపన మోపు, కాళ్లకి బురద, నవ్వే ఆడమనిషి. ఎవరినో చూసి ఎందుకు వేస్తాను? మా అమ్మనే చూసి వేశాను.

"ఏవమ్మా కృపావతీ, మన పిల్లలు ఉద్యోగాల్లోకెక్కేరు. ఇంకా ఆ కూలి బతుకు గోడకెక్కించాలా?" అన్నారు మాస్టారు, సంఘపెద్ద హోదాలో.

"ఎక్కించాలండీ. నన్ను చదివించింది ఆ కూలేనండి" అన్నాను.

దాంతో ఆయన ఇంకో దారి పట్టారు. గుడ్డ వదులై కనిపిస్తే ఆ ఆదివారమే దించేయాలని కమిటీని ఒప్పించారు. వచ్చింది ఎనభై మూడో సంవత్సరం శ్రావణం. ముసురు పడితే మా కోనసీమలో ఉప్పే నీరవుతుంది, గుడ్డొక లెక్కా! చట్రం వెనక మూలల్లో చిన్న చెక్క చీలలుంటాయి. వాటిని లోపలికి తడితే చట్రం విచ్చి గుడ్డ బిగుస్తుంది. శనివారం శనివారం వెళ్లి తట్టి వస్తున్నాను. ఎవరు ముందు అలుస్తారో చూద్దామనే!

ఒక ఆదివారం వెళ్లేసరికి గుడ్డ పొట్టలా జారి ఉంది. వెనక తడిమితే చీలల్లేవు. ఎవరో పీకేశారు. నా ఒళ్లు మండిపోయింది.

"చూసేరా? దించేయండి" అన్నారు మాస్టారు, అందరూ వినేలా.

"పీకిందెవరో ముందు చెప్పండి!" అని అరిచాను. ఎప్పుడూ సంచిలో ఉంచుకునే సుత్తీ కొత్త చీలలూ తీశాను.

అప్పుడు ఆడవాళ్ల చాప మీంచి అమ్మ లేచింది. సిగ్గుతో ఇన్నాళ్లూ ఆ బొమ్మ వంక తలెత్తి చూడని మనిషి. బల్లెక్కి బొమ్మ దించేసింది.

"అమ్మా, వద్దే!" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. మాస్టారి మొహం వెలిగింది.

అమ్మ బొమ్మని చాప మీద బోర్లించింది. నా చేతిలో సుత్తి లాక్కుని నాలుగు మూలలా చీలలు దిగ్గొట్టింది. తిప్పి వేళ్లతో కొట్టి చూస్తే గుడ్డ డప్పులా మోగింది. మళ్లీ తనే బల్లెక్కి గోడకి తగిలించింది.

"ఆ మొహం నాదేనండి మాస్టారూ," అంది బల్ల మీంచే. "మీ అమ్మగారి పక్కన నిలబడే వరి ఊడ్పు నేర్చుకున్నానండి. ఆవిడ కాళ్లకీ ఈ బురదేనండి. వదులైతే కబురెట్టండి, నేనే వచ్చి బిగిస్తాను."

మాస్టారు కూర్చున్నారు.

సుత్తి అమ్మ నాకు తిరిగివ్వలేదు.