ముఖం చూపించని పాట

మా ఆయన పాటల వీడియోలకు అర్థాలు చెబుతారు. అదే ఆయన ఉద్యోగం, అదే లోకం. కొత్త పాట ఏది వచ్చినా ముందు గదిలో కెమెరా ఎదుట కూర్చుని, ఆ గోడ మీది పగులు దేనికి సంకేతమో, ఈ ఎర్ర గొడుగు ఏ అన్యాయాన్ని ఎత్తిచూపుతోందో చిలవలు పలవలుగా వివరిస్తారు. వినేవాళ్లు వేలల్లో ఉన్నారు. మా చెల్లెలు ఆయనకు భాష్యకారుడని పేరు పెట్టింది. ఎదురుగా మాత్రం బావా అనే పిలుస్తుంది.

ఒక పాటలో కుళాయి చుక్కలు చుక్కలుగా కారితే, అది శ్రామికుల చెమట అని ఆయన గంటసేపు చెప్పారు. అప్పటికి మా వంటింటి కుళాయి కారడం మొదలై చాలా రోజులైంది. ప్లంబర్‌ని పిలవమని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చివరికి నేనే పిలిపించుకున్నాను. ఆ రోజు ఇంట్లో చప్పుడు ఎక్కువైందని రికార్డింగ్ ఆపేసి విసుక్కున్నారు.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే నాకే విసుగు. కొట్టరు, తిట్టరు, తాగరు. నాతో మాట్లాడరు, అంతే. మాట్లాడినా అది నిన్నటి వీడియో గురించి. ఒకప్పుడు నేను పడిపోయింది ఆయన మాటలకే కాబట్టి, ఇప్పుడు ఎవరిని అనాలి?

ఆ మధ్య వేరే ఊళ్లో కుట్టుపని నేర్పే టీచరు కావాలని, ఉండడానికి గది కూడా ఇస్తారని నాకు కబురొచ్చింది. వెళ్తే ఒక్కదాన్నే వెళ్లాలి. వెళ్తే తిరిగి రానని కూడా నాకు తెలుసు. ఏ సంగతో చెప్పడానికి నెలాఖరు దాకా గడువు అడిగాను.

చెల్లెలు పాటల వీడియోలు తీస్తుంది. నా గోడు విని, ఓదార్చడం మానేసి, ఇదే పాటగా తీస్తాను, నువ్వే నటించాలంది. ఆయన ఊళ్లో లేనప్పుడు, ఇల్లు ఆనవాలు పట్టకుండా గోడలకు గుడ్డలు కట్టి మా ఇంట్లోనే తీసింది, తన పేరు కూడా వేసుకోలేదు. నా ముఖం ఎక్కడా కనిపించదు. వీపు, చేతులు, చెమటకు మెడకు అతుక్కున్న వెంట్రుకలు, అంతే. బట్టలు పిండుతుంటాను, గిన్నెలు తోముతుంటాను. పక్క గదిలోంచి ఒక మగ గొంతు ఆగకుండా వినిపిస్తుంటుంది. మాటలు మాత్రం తెలియవు.

నేనొక షరతు పెట్టుకున్నాను. ఆయన ఆ వీపును గుర్తుపడితే ఉండిపోతాను, గుర్తుపట్టకపోతే వెళ్లిపోతాను. ఈ సంగతి చెల్లెలికి ఒక్కదానికే చెప్పాను. నీకేమైనా పిచ్చా అంది. పిచ్చి కాదు, అలసట అన్నాను.

పాట వచ్చిన మర్నాడే ఆయన దానికి అర్థం చెప్పడానికి కూర్చున్నారు. నేను గుమ్మం ఇవతల బట్టలు మడతపెడుతూ విన్నాను. చాలా బాగా చెప్పారు, అది ఒప్పుకోవాలి. ఆ వీపు ఏ ఒక్క స్త్రీదీ కాదన్నారు. గుర్తింపుకు నోచుకోని కోట్లమంది శ్రమ కాబట్టే ముఖం చూపించలేదన్నారు. ఆ మగ గొంతు వ్యవస్థ అన్నారు. ఒకచోట గొంతు జీరబోయింది. ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ వ్యవస్థ దగ్గరికే వెళ్లారు. నాకు ఏడుపు కూడా రాలేదు. మిగిలిన బట్టలు కూడా మడతపెట్టేశాను.

ఆయనకు మునుపెన్నడూ లేనంత పేరొచ్చింది. ఆడవాళ్ల మనసు ఇంతగా తెలిసిన మనిషి భార్య ఎంత అదృష్టవంతురాలో అని ఎవరెవరో రాశారు. అలాంటివి మామూలుగా నాకు చదివి వినిపించకుండా వదలరు. ఈసారి ఒక్కటీ చదవలేదు.

గడువు తీరే రోజు మధ్యాహ్నం, భోజనం దగ్గర, ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"ఆ పాటలో ఉన్నది నేనండీ."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు.

"తెలుసు," అన్నారు. "చూడగానే తెలిసింది."

"మరి వ్యవస్థ, కోట్లమంది, అదంతా ఎందుకు చెప్పారు?"

ఆయన కంచంలో అన్నాన్ని ఒక పక్కకు జరిపారు.

"అది నువ్వని ఒప్పుకుంటే, ఆ గొంతు నాదవుతుంది కదా," అన్నారు. "ఇంక నేనేం మాట్లాడను?"

అంత నిజం ఆ మనిషి నోట నేనెన్నడూ వినలేదు. జాలేసింది కూడా. షరతు ప్రకారం ఆయనే నెగ్గారు. గుర్తుపట్టలేదని తేలి ఉంటే, ధ్యాస లేని మనిషి, పోనీలే అని ఎలాగో సర్దుకుపోయేదాన్నేమో. కానీ ఆయన నన్ను చూశారు, పోల్చుకున్నారు, గొంతు జీరబోయేంత బాధపడ్డారు. అన్నీ అయ్యాక గుమ్మం ఇవతలున్న నా దగ్గరికి మాత్రం రాలేదు.

తినండి, చల్లారిపోతోంది అన్నాను. చేతులు కడుక్కుని, ఆయన ముందే ఫోను చేసి, ఉద్యోగానికి వస్తున్నానని చెప్పాను. నా కుట్టుమిషను తెచ్చుకోవచ్చా అని అడిగితే అవతలివాళ్లు తెచ్చుకోమన్నారు.

ఆయన లేచారు. గది మూలనున్న నా మిషను మీద ఎన్నాళ్లనుంచో పేర్చి పెట్టుకున్న తన వైర్లు, లైట్లు ఒక్కొక్కటే తీసి కింద పెట్టసాగారు. నన్ను ఉండమని అనలేదు.